రక్తం ఇచ్చాక బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్: హెపటైటిస్ సి ‘రియాక్టివ్’ – నా అనుభవం

నేను కావలిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. 2017లో మా పాప పుట్టినప్పుడు, కాన్పు అయ్యాక రక్తస్రావం ఆగక నాకు రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు. ఎవరిచ్చారో తెలియదు. వాళ్ల రుణం ఇలాగైనా కొంత తీరాలని 2019 నుంచి వీలు కుదిరినప్పుడల్లా నేనూ ఇస్తున్నాను. ఆడవాళ్లకి అంత సులువేం కాదు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటేనే తీసుకుంటారు. అందుకే వేసవి సెలవులంతా ఐరన్ మాత్రలు మింగి, మునగాకు వండుకుని తిని, 2025 జూన్ 14న ప్రపంచ రక్తదాతల దినం క్యాంపుకి వెళ్లాను. హిమోగ్లోబిన్ 12.8 వచ్చింది. 350 మిల్లీలీటర్లు ఇచ్చి, ఫ్రూటీ తాగి, సంతోషంగా ఇంటికొచ్చాను.

రక్తం ఇచ్చే ముందు నింపే ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. పరీక్షల్లో ఏదైనా తేడా వస్తే మీకు తెలియజేయాలా అని. చాలామంది చదవకుండానే టిక్కు పెడతారు. నేను చదివే ‘అవును’ అని పెట్టాను. ఆ టిక్కు వల్లే తర్వాతదంతా జరిగింది.

జూన్ 19, గురువారం. నాలుగో పీరియడ్ అయిపోయి స్టాఫ్ రూముకి వస్తుంటే నెల్లూరు నుంచి ఫోన్. బ్లడ్ బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామన్నారు. ‘మీ శాంపిల్ గురించి మాట్లాడాలమ్మా, ఒకసారి రాగలరా?’ ఏమొచ్చిందని అడిగితే ‘ఫోన్లో చెప్పకూడదమ్మా, మీరే రావాలి’ అన్నారు. అలా చెప్పకపోవడం నియమం, దాతల గోప్యత కోసమేనని ఇప్పుడు తెలుసు. కానీ ఆ మాట విన్న మనిషికి రాత్రి ఎలా గడుస్తుందో చెప్పలేను. మన దేశంలో ఇచ్చిన ప్రతి బ్యాగుకీ ఐదు పరీక్షలు తప్పనిసరి: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా. ఆ ఐదింట్లో నాది ఏదని ఆలోచిస్తూ తెల్లవార్లూ ఫ్యాను చూస్తూ పడుకున్నాను. ‘ఏం కాదులే, హిమోగ్లోబిన్ గురించే అయ్యుంటుంది’ అంటూనే మా ఆయన కూడా నిద్రపోలేదు. మా అత్తయ్యకి చెప్పలేదు.

శనివారం సెలవు పెట్టి ఇద్దరం బస్సెక్కి నెల్లూరు వెళ్లాం. అక్కడ ఒక సంగతి నన్ను చాలా బాధపెట్టింది. వరండాలో పది మంది దాకా కూర్చుని ఉండగా, లోపల్నుంచి ఒకాయన ‘ఆ హెచ్‌సీవీ ఆవిడ వచ్చిందా?’ అని కేకేశాడు. ఫోన్లో చెప్పకూడనిది వరండాలో అరవచ్చా? ఎవరికీ అర్థం కాకపోయి ఉండొచ్చు. కానీ మా ఆయన ముఖం చూశాను, ఆయనకి అర్థమైంది. నాకూ అర్థమైంది, హెచ్‌సీవీ అంటే లివర్‌కి పట్టే హెపటైటిస్ సి వైరస్. ఒక్క క్షణం మాత్రం హెచ్‌ఐవీ కాదు కదా అన్న ఊరట కలిగింది.

లోపల కౌన్సెలర్ అమ్మాయి మాత్రం మంచిది. తలుపు వేసి, నీళ్లిచ్చి, నెమ్మదిగా చెప్పింది. హెపటైటిస్ సి యాంటీబాడీ (వైరస్‌ని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకునేది) పరీక్ష రియాక్టివ్ వచ్చిందని, అంటే జబ్బు ఉందని కాదని, ఇంకో పరీక్ష చేస్తే తప్ప ఏదీ తేల్చి చెప్పలేమని. నేనిచ్చిన బ్యాగు ఏమైందని అడిగాను. ఎర్రకణాలు, ప్లాస్మా వేరు చేసినవన్నీ పక్కన పెట్టేశామని, వాటిని నిర్వీర్యం చేసి పారేస్తారని చెప్పింది. అక్కడ ఏడ్చేశాను. జబ్బు వచ్చిందేమోనని కాదు. వేసవంతా మునగాకు తిని ఇచ్చిన రక్తం పారబోస్తున్నారని.

నా చేతికి ఇచ్చిన చీటీ మీద ‘హెచ్‌సీవీ: రియాక్టివ్’ అని మాత్రమే ఉంది. లెక్కల మనిషిని కదా, రియాక్టివ్ అంటే ఎంత అని అడిగాను. ఆ అమ్మాయి కొంచెం ఆశ్చర్యపోయి టెక్నీషియన్ని పిలిచింది. ఆయన ఎలైజా (ఆ యాంటీబాడీ పరీక్ష పేరు) మెషీన్ ప్రింటు తెచ్చి చూపించారు. మన శాంపిల్ రీడింగుని ఆ రోజు కటాఫ్ రీడింగుతో భాగిస్తారు. ఒకటి దాటితే రియాక్టివ్, లోపుంటే నాన్ రియాక్టివ్. నాది 1.62. గట్టి పాజిటివ్‌లకి ఈ అంకె చాలా పైన ఉంటుందని కూడా ఆయనే చెప్పారు. ఆ ప్రింటుని ఫోన్లో ఫొటో తీసుకున్నాను. ఇలాంటి ఫోన్ ఎవరికైనా వస్తే ఈ ఒక్క అంకె అడిగి రాయించుకోండి, డాక్టరు దగ్గర చాలా పనికొస్తుంది. నా పాత రికార్డు కూడా తీయించాను. 2019, 2022, 2024లో అదే బ్లడ్ బ్యాంకుకి ఇచ్చాను, మూడుసార్లూ నాన్ రియాక్టివ్.

చేతి నుంచి కొత్తగా ఇంకో శాంపిల్ తీసుకున్నారు. దానికి డబ్బులు తీసుకోలేదు. బుధవారం మళ్లీ ఫోన్ వచ్చింది. రెండోదీ రియాక్టివే, అంకె 1.48. శాంపిళ్లు తారుమారు అయ్యుంటాయేమో అన్న ఆశ దాంతో పోయింది.

ఈ మధ్యలో కావలిలో మా ఆయన స్నేహితుడి ల్యాబులో కార్డు టెస్టు చేయించాం. గీత పడే కార్డు, రూ.300. నెగెటివ్. ఆ పూటంతా మా ఇంట్లో పండగ. తర్వాత డాక్టరు చెప్పిందేమిటంటే, కార్డూ ఎలైజా రెండూ వెతికేది యాంటీబాడీలనే, ఒకదాని మాట మీద ఇంకోదాన్ని కొట్టేయలేం. బలహీనంగా ఉన్నదాన్ని కార్డు పట్టుకోలేకపోవచ్చు కూడా. కాబట్టి ఆ రూ.300 నా ప్రశ్నకి జవాబు ఇవ్వలేదు.

ఇంట్లో చెప్పక తప్పలేదు. మా అత్తయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘ఏందే అమ్మాయ్, పిల్లకేమన్నా అంటుకుందా?’ అంది. అప్పటిదాకా నేను ఆ ఆలోచనని దగ్గరికి రానివ్వలేదు. ఆ రాత్రి పాప జుట్టు దువ్వుతుంటే నా వేళ్లు వణికాయి. నా వేలికి కూర కోసేటప్పుడు తెగిన గాటు ఒకటి ఉంది, దానికి ప్లాస్టర్ వేసుకుని గానీ పాపని ముట్టుకోలేదు. వింజమూరులో ఉండే మా అమ్మ విని, కామెర్లకి పసరు పోసే ఆయన దగ్గరికి వెంటనే పోదాం రమ్మంది. ఆమెని ఆపడానికి మా ఆయన చాలా కష్టపడాల్సి వచ్చింది.

జూన్ 28న నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటలో లివర్ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఫీజు రూ.500. పొగతోట సంగతి నెల్లూరు వాళ్లకి చెప్పక్కర్లేదు, టోకెను పొద్దున తీసుకుంటే పిలుపు మధ్యాహ్నం వచ్చింది. కానీ లోపలికి వెళ్లాక ఆయన తొందరపెట్టలేదు. ముందు ప్రశ్నలు. ఎప్పుడైనా రక్తం ఎక్కించుకున్నారా, ఆపరేషన్లు, పళ్ల పనులు, పచ్చబొట్టు, ముక్కు కుట్టించుకోవడం, ఆర్‌ఎంపీల దగ్గర ఇంజెక్షన్లు, డయాలసిస్. 2017 రక్తం సంగతి చెప్పాను. అదే కారణమా అని నేను అడిగే లోపే ఆయన నా పాత రికార్డు చూసి ‘2019 నుంచి మూడుసార్లు లేదని వచ్చింది కదమ్మా, అప్పటి రక్తంలో వచ్చుంటే 2019లోనే కనపడాలి’ అన్నారు. నాకు రక్తమిచ్చిన ఆ తెలియని మనిషి మీద అన్ని రోజులుగా మనసులో పెట్టుకున్న అనుమానం అప్పుడు తొలగింది. పాప గురించీ అడిగాను. ‘ముందు మీలో వైరస్ ఉందో లేదో తేలనివ్వండి. మీలో లేకపోతే పాపకి పరీక్షే అక్కర్లేదు’ అన్నారు. ఒకవేళ ఉన్నా కలిసి తినడం వల్ల, ముట్టుకోవడం వల్ల, ముద్దు చేయడం వల్ల రాదు. తేలేదాకా టూత్ బ్రష్, గోళ్ల కట్టరు, రేజరు మాత్రం ఎవరివి వాళ్లు వాడుకోమన్నారు. పసరు మందులు తాగొద్దని, కొన్ని లివర్‌కే చేటు చేస్తాయని మా అమ్మకి ఫోన్లో ఆయనే చెప్పారు.

2024లో ఇచ్చినదానికీ ఈసారి ఇచ్చినదానికీ మధ్య ఒక్కటే ఉంది, మార్చిలో పన్ను పీకించుకోవడం. దాన్ని ఆయన రాసుకున్నారు.

తర్వాత ఒక కాగితం తీసి లెక్క వేసి చూపించారు. నేను లెక్కలు చెప్తానని తెలిసి కాబోలు. వెయ్యి మంది దాతలు వచ్చారనుకోండి. వాళ్లలో నిజంగా జబ్బు ఉన్నవాళ్లు ముగ్గురు అనుకుందాం. పరీక్ష ఆ ముగ్గురినీ పట్టుకుంటుంది. మిగతా 997 మందిలో రెండొందల మందికి ఒకరి దగ్గర పొరపాటు పడినా ఐదుగురు రియాక్టివ్ అవుతారు. మొత్తం ఎనిమిది మందికి ఫోన్ వెళ్తుంది, వాళ్లలో ఐదుగురికి ఏమీ ఉండదు. అదే కిట్టుని వెయ్యి మందిలో మూడొందల మందికి జబ్బు ఉన్న చోట వాడితే? అక్కడ పొరపాటు ముగ్గురు నలుగురికే, రియాక్టివ్ వచ్చినవాళ్లంతా దాదాపు నిజమైనవాళ్లే. కిట్టు మారలేదు, మెషీన్ మారలేదు, పరీక్షకి వచ్చిన మనుషులు మారారు. ఈ అంకెలు ఊరికే లెక్క కోసం వేసుకున్నవేనని, సూత్రం మాత్రం నిజమని చెప్పారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2003 మార్గదర్శకాల్లో అప్పటి ఎలైజా కిట్లకి, కటాఫ్‌తో భాగిస్తే వచ్చే ఈ అంకె 3.8 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 95 శాతం పైగా నిజమైన పాజిటివేనని రాశారట. కిట్టుని బట్టి హద్దు మారుతుంది గానీ 1.62 అంటే హద్దు మీద ఉన్నట్టే. సంభావ్యత పాఠం ఇన్నేళ్లుగా చెప్తున్నాను, దాని మీద నా ప్రాణం ఆధారపడినట్టు వినడం మాత్రం అదే మొదటిసారి.

మరి ఇంత తప్పులు చూపించే పరీక్షని ఎందుకు వాడతారని మా ఆయన కోపంగా అడిగాడు. డాక్టరు జవాబు నాకు బాగా గుర్తుంది. ఆ రక్తం వెళ్లేది తలసీమియా పిల్లలకి, కాన్పు బల్ల మీద ఉన్న తల్లులకి. జబ్బు లేనివాళ్ల బ్యాగులు కొన్ని పోయినా పరవాలేదు, జబ్బు ఉన్న బ్యాగు ఒక్కటి కూడా దాటిపోకూడదు. కటాఫ్ అలా పెట్టుకున్నదే. నెలనెలా రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లలు రక్తం ద్వారానే ఈ వైరస్ తెచ్చుకున్న ఉదాహరణలు మన దేశంలో ఎన్నో ఉన్నాయని చెప్పారు. పైగా ఇంకో వైపు లోటు కూడా ఉంది. వైరస్ ఒంట్లోకి వచ్చాక యాంటీబాడీలు కనపడడానికి మామూలుగా 8 నుంచి 11 వారాలు పడుతుంది. ఆ వారాల్లో రక్తమిస్తే ఎలైజా నెగెటివ్ అనే చెప్తుంది, వైరస్ మాత్రం బ్యాగులో ఉంటుంది. నాట్ (NAT) అనే పరీక్ష ఉన్న బ్లడ్ బ్యాంకుల్లో నేరుగా వైరస్ జన్యుపదార్థాన్నే వెతుకుతారు కాబట్టి ఆ గడువు వారం పది రోజులకి తగ్గుతుంది. నేనిచ్చిన చోట ఎలైజా ఒక్కటే ఉంది. అందుకే ఫారంలో పచ్చబొట్టు గురించి, ఇంజెక్షన్ల గురించి అడిగినప్పుడు నిజం రాయడం ఆ పరీక్షంత ముఖ్యమని నాకు అప్పుడు అర్థమైంది. అప్పటిదాకా నేనూ నిజమే రాశాను, కానీ దాని బరువు తెలిసి రాయలేదు.

ఇక అసలు పరీక్ష. రక్తంలో వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ, మామూలుగా వైరల్ లోడ్ అంటారు. యాంటీబాడీ చెప్పేది ఎప్పుడో ఒకప్పుడు వైరస్‌ని శరీరం చూసిందని మాత్రమే, వైరస్ వచ్చినవాళ్లలో 15 నుంచి 45 శాతం మందికి మందు లేకుండానే ఆరు నెలల్లోపు దానంతట అదే పోతుంది. ఇప్పుడు వైరస్ ఉందా లేదా అన్నది ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చెప్పాలి. 2018 జులైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో ఇది ఉచితమని డాక్టరే చెప్పారు. కానీ ఆగే ఓపిక నాకు లేదు. ప్రైవేటు ల్యాబులో రూ.4,200 కట్టాం. లివర్ పరీక్షకి ఇంకో రూ.550. ఊదా రంగు మూతలున్న ట్యూబుల్లో రక్తం తీసి చెన్నై పంపించారు. మూడు రోజులన్నారు.

మూడు రోజులు కాదు, జులై 4 దాకా పట్టింది. ఆ వారంలో నేను పాఠం చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. పిల్లలు ‘టీచర్, తర్వాత?’ అంటే బోర్డు మీద ఏం రాస్తున్నానో చూసుకోవాల్సి వచ్చేది. లివర్ రిపోర్టు ముందే వచ్చింది, అన్నీ మామూలుగానే ఉన్నాయి. కానీ లివర్ ఎంజైములు మామూలుగా ఉండి కూడా వైరస్ ఉండొచ్చని అప్పటికే తెలుసు కాబట్టి దాంతో ఊరట కలగలేదు.

రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. మా ఆయనే ముందు తెరిచారు. కింద ‘15 ఐయూ’ అని కనపడేసరికి నాలో 15 ఉన్నాయనుకుని ఆయన ముఖం తెల్లబోయింది. అది ఆ పరీక్ష కొలవగలిగే కనిష్ఠ పరిమితి. అలాంటి రిపోర్టుల్లో ఆ అంకె ఉంటుంది, దాన్ని చూసి భయపడొద్దు. పైన ఫలితం దగ్గర ‘నాట్ డిటెక్టెడ్’, అంటే వైరస్ కనపడలేదు అని ఉంది. నేను ఫోన్ ఆయన చేతిలోంచి తీసుకుని చదివి, మళ్లీ చదివి, లోపలికి వెళ్లి పాపని గట్టిగా పట్టుకున్నాను. ఆ వారంలో దాన్ని ఎంత దూరంగా పెట్టానో అప్పుడు తెలిసింది. ‘ఎందుకమ్మా ఏడుస్తున్నావ్’ అని అది అడుగుతూనే ఉంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. డాక్టరు మాత్రం ఇంకో మాట చెప్పారు. యాంటీబాడీ ఉండి వైరస్ లేదంటే రెండు అర్థాలు: ఎప్పుడో వచ్చి పోయింది, లేదా పరీక్షే పొరపాటు పడింది. మార్చిలో పన్ను పీకించుకున్నారు కాబట్టి డిసెంబరులో ఆర్‌ఎన్‌ఏ ఇంకోసారి, దాంతోపాటు వేరే కంపెనీ, వేరే పద్ధతి కిట్టుతో యాంటీబాడీ చేద్దామన్నారు. నిజమైన యాంటీబాడీ అయితే రెండు కిట్లలోనూ కనపడాలి.

డిసెంబరు 15న ఈసారి నెల్లూరు పెద్దాసుపత్రికే వెళ్లాను. ఓపీ చీటీ, ఆధార్ జిరాక్సు, పొగతోట డాక్టరు రాసిన కాగితం, పాత రిపోర్టులన్నీ తీసుకెళ్లాను. ఏ గదికి వెళ్లాలో తెలుసుకోవడానికే గంట పట్టింది, ఓపీ దగ్గర ‘హెపటైటిస్’ అని అడగండి, ‘లివర్’ అంటే వేరే చోటికి పంపిస్తారు. పేరు నమోదు చేసి శాంపిల్ తీసుకున్నారు. ఒక్క రూపాయి తీసుకోలేదు. రిపోర్టు డిసెంబరు 27న వచ్చింది, ఆర్‌ఎన్‌ఏ మళ్లీ నాట్ డిటెక్టెడ్. యాంటీబాడీ పరీక్ష డాక్టరు చెప్పినట్టే వేరే పద్ధతిలో, కెమిల్యుమినెసెన్స్ అంటారు, బయట రూ.900కి చేయించాను. నాన్ రియాక్టివ్. డాక్టరు నా ఫైలు మీద ఫాల్స్ రియాక్టివ్ (జబ్బు లేకుండానే రియాక్టివ్ చూపించింది) అని రాసి సంతకం పెట్టారు.

ఆ కాగితం పట్టుకుని బ్లడ్ బ్యాంకుకి వెళ్లాను, నా పేరు పక్కన ఉన్నది తీసేయమని. తీసేయడం కుదరదన్నారు అక్కడి మెడికల్ ఆఫీసరు. నా తప్పు లేదని, జబ్బూ లేదని ఒప్పుకుంటూనే, ఒకసారి హెచ్‌సీవీ రియాక్టివ్ అయిన దాతని వాళ్లు మళ్లీ తీసుకోరని చెప్పారు. తీసుకున్నా నా రక్తం ఆ కిట్టు మీద మళ్లీ రియాక్టివ్ చూపిస్తే బ్యాగు మళ్లీ పారేయాల్సిందే. ఆ కారణం నాకు అర్థమైంది. బాధ మాత్రం అలాగే ఉంది. ఒంట్లో ఏ జబ్బూ లేకుండా, ఇవ్వాలని ఉండి, ఇవ్వలేకపోవడం ఎంత కష్టమో ముందు తెలియదు. ఫైలు మీద ఆరోగ్యవంతురాలినని రాసి ఉంది, రిజిస్టర్లో ఇవ్వకూడదని రాసి ఉంది. ఇలాంటి దాతలని కొంతకాలం ఆగి మళ్లీ పరీక్షించి తిరిగి తీసుకునే పద్ధతి అమెరికాలో ఉంది. మన దగ్గర కూడా వస్తే నాలాంటి వాళ్లు చాలామంది తిరిగి వస్తారు. వరండాలో నా గురించి కేకేసిన సంగతి కూడా ఆయనకి చెప్పాను. విని, ఇక నుంచి పేరుతో కూడా పిలవకుండా టోకెను నంబరుతో పిలిపిస్తానన్నారు.

ఈ కథ విని ‘ఓహో, రియాక్టివ్ అంటే ఏం కాదన్నమాట’ అనుకునేవాళ్లకి ఇంకొకటి చెప్పాలి. మా స్కూల్లో పనిచేసే ఒక టీచర్ వాళ్ల అన్నయ్యకి నవంబరులో అచ్చం ఇలాంటి ఫోనే వచ్చింది. ఆయన లారీ డ్రైవరు, ఒంట్లో ఏ బాధా లేదు, కామెర్లు ఎప్పుడూ రాలేదు. నాకు జరిగింది విని ఆయనా తప్పు రిపోర్టేనని ఊరుకోబోయారు. అంకె ఎంతని అడిగి కనుక్కోమన్నాను. 9 దాటి ఉంది. అప్పుడు నేనే బతిమాలి పెద్దాసుపత్రికి పంపించాను. వైరల్ లోడ్ లక్షల్లో వచ్చింది. ఎప్పుడో చిన్నప్పుడు జ్వరాలకి ఊళ్లో వేయించుకున్న సూదుల వల్ల అయ్యుండొచ్చని అక్కడి డాక్టర్లు అన్నారు. జనవరి మొదటి వారం నుంచి సోఫోస్బువిర్, డక్లటాస్విర్ మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు, రోజూ వేసుకోవాలి, మొత్తం 12 వారాలు. ఈ మందులతో 95 శాతం పైగా నయమవుతుందని చెప్పారట. నెలనెలా కోర్సు మాత్రలు తెచ్చుకోవడానికి ఆయన లారీ కిరాయిలు కుదించుకుని మరీ వెళ్తున్నారు. మార్చి ఆఖరుకి మాత్రలు అయిపోతాయి. ఆ తర్వాత ఇంకో 12 వారాలు ఆగి వైరల్ లోడ్ చూస్తారు. అప్పుడు కూడా కనపడకపోతేనే నయమైనట్టు రాస్తారు.